డెక్సా: ఎవరికి, ఎప్పుడు, ఎంత

డెక్సామెథాసోన్ దొరకని మందుల షాపు తెలుగునాట ఉండదు. ఉబ్బసం ముదిరి ఆయాసపడేవాళ్లకి, ఒళ్లంతా దద్దుర్లు లేచినవాళ్లకి, గడ్డ వల్ల మెదడులో వాపు వచ్చినవాళ్లకి డాక్టర్లు దీన్ని దశాబ్దాలుగా ఇస్తున్నారు. నెలలు నిండకుండానే కాన్పు అయ్యేలా ఉంటే, కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగాలని తల్లికి వేసేదీ ఇదే. పల్లెల్లో జ్వరం రెండు రోజుల్లో దిగకపోతే ఆర్‌ఎంపీలు వేసే సూదుల్లో కూడా చాలాసార్లు ఇది చేరిపోతుంది. 1950ల చివర్లో తయారైన ఈ స్టెరాయిడ్‌కి పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో అత్యావశ్యక మందుల తొలి జాబితా వేసినప్పుడే అందులో దీనికి చోటు దక్కింది.

అంత పాత మందు 2020 జూన్ 16న ప్రపంచమంతా పతాక శీర్షికలకు ఎక్కింది. వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో ఇది మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించిందని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ రోజు ప్రకటించారు. కోవిడ్‌లో ప్రాణం నిలబెడుతుందని పక్కా పరీక్షలో తేలిన మొదటి మందు అదే. ఏడాది తిరక్కముందే, మన దేశంలో రెండో అల సమయంలో, ఇదే రకం మందులు అవసరం లేనివాళ్ల చేతుల్లో పడి చేసిన కీడు కూడా కళ్లారా చూశాం. కోవిడ్ కాలంలో వైద్యశాస్త్రం నేర్పిన అతి ముఖ్యమైన పాఠం ఈ రెండు సంగతుల మధ్యే ఉందని నా నమ్మకం. పాత మందుని కొత్త జబ్బుకి వాడాలంటే మందు ఖరీదు పైసల్లోనే ఉండొచ్చు. కానీ ఎవరికి, ఏ రోజున, ఎంత మోతాదులో అన్నది తెలుసుకోవడం తేలిక కాదు. ఆ ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి.

స్టెరాయిడ్ ఏం చేస్తుందో అర్థం కావాలంటే ముందు ఊపిరితిత్తి లోపలికి వెళ్లాలి. మన రెండు ఊపిరితిత్తుల్లోనూ కలిపి కోట్ల సంఖ్యలో గాలి గదులుంటాయి. ఒక్కో గది గోడ ఎంత పలచనంటే, దాన్ని ఆనుకుని సాగే రక్తనాళం గోడనీ కలుపుకున్నా మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకి లోపే. లోపలి ఆక్సిజన్ ఆ పలచని పొరను దాటి రక్తంలో కలుస్తుంది. గది గోడలోని కొన్ని కణాలు సబ్బులాంటి ఒక ద్రవాన్ని ఊరుస్తాయి. గాలి బయటికి వెళ్లినప్పుడు గది ముడుచుకుపోకుండా కాపాడేది ఆ ద్రవమే. కరోనా వైరస్ గురిపెట్టేవాటిలో ఆ కణాలు ముఖ్యమైనవి.

వైరస్ చేరిన మొదటి వారమంతా దాని సంతతి పెరగడం, శరీరం దాన్ని అడ్డుకోవడం జరుగుతుంది. చాలామందికి కథ అక్కడితో ముగుస్తుంది. కొందరిలో మాత్రం ఏడో రోజు, ఎనిమిదో రోజు దాటాక పరిస్థితి తలకిందులవుతుంది. అప్పటికి వైరస్ తగ్గుముఖం పట్టి ఉంటుంది, కానీ దాన్ని తరమడానికి వచ్చిన తెల్లకణాలు ఆగవు. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేత రసాయనాలు విడుదలవుతూ ఇంకా ఇంకా కణాలను పిలుస్తూనే ఉంటాయి. రక్తనాళాల గోడలు వదులై, మాంసకృత్తులు నిండిన నీరు గాలి గదుల్లోకి ఊరుతుంది. చనిపోయిన కణాల వ్యర్థం, ఆ మాంసకృత్తులు కలిసి గది లోపలి గోడకి గాజు పొరలా అంటుకుంటాయి. గాలి ఉన్నా ఆక్సిజన్ రక్తంలోకి దాటదు. వేలికి పెట్టిన మీటరు మీద అంకె 96 నుంచి 90కి, అక్కడి నుంచి 85కి పడుతుంది. 1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు తొలిసారి వర్ణించిన ఏఆర్‌డీఎస్ అనే స్థితి ఇదే. మనలో ఒక సామెత ఉంది, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టని. రోగి ప్రాణం తీసేది ఈ దశలో చాలావరకు ఆ నిప్పే.

దాన్ని అదుపులో పెట్టే పద్ధతి శరీరానికి సొంతంగానే ఉంది. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనుని రోజూ విడుదల చేస్తాయి. అది కణంలోకి వెళ్లి, అక్కడి గ్రాహకంతో జతకట్టి కేంద్రకంలోకి చేరి, వాపుని పెంచే జన్యువుల నోరు కడుతుంది. డెక్సామెథాసోన్ కూడా చేసేది అదే పని, దాదాపు పాతిక రెట్ల బలంతో. ఈ తరహా మందుల వైద్యం 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మొదలైంది. కీళ్లవాతంతో కదల్లేని ఒక రోగికి ఫిలిప్ హెంచ్ బృందం కార్టిజోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. రెండేళ్లకే, 1950లో, హెంచ్‌కీ ఎడ్వర్డ్ కెండాల్‌కీ స్విట్జర్లాండ్‌లో పనిచేసిన రైష్‌టైన్‌కీ నోబెల్ వచ్చింది. ఆ హడావిడిలోనే స్టెరాయిడ్ల మరో ముఖం కూడా బయటపడింది. చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం, ముఖం ఉబ్బడం, అన్నిటికంటే ముఖ్యంగా సూక్ష్మజీవులను ఎదుర్కొనే శక్తి తగ్గడం.

వైరస్ జబ్బుల్లో స్టెరాయిడ్ అంటే డాక్టర్లు వెనకాడింది ఇందుకే. 2003లో సార్స్ వచ్చినప్పుడు చైనాలో, హాంకాంగ్‌లో పెద్ద మోతాదుల్లో వాడారు. బతికినవాళ్లలో కొందరికి తుంటి ఎముక తల రక్తం అందక చచ్చిపోయి నడక పోయింది. ఫ్లూలో స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయినట్టు లెక్కలు వచ్చాయి. మెర్స్‌లో వైరస్ శరీరంలోంచి పోవడం ఆలస్యమైనట్టు కనిపించింది. 2020 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన తొలి మార్గదర్శకాల్లో, కొత్త కరోనా జబ్బుకి ఇతర కారణాలు లేకుండా స్టెరాయిడ్లు మామూలుగా వాడొద్దనే ఉంది. అప్పటికున్న సమాచారాన్ని బట్టి ఆ మాట తప్పని ఇప్పుడు కూడా అనలేం.

అయితే ఆ సమాచారంలోనే ఒక చిక్కుంది. ఫ్లూ వార్డులో డాక్టరు స్టెరాయిడ్ ఎవరికి ఇస్తాడు? మరీ ప్రాణాపాయంలో ఉన్నవాడికి. ఆ రోగి చనిపోతే కారణం మందా, జబ్బు తీవ్రతా? పాత కేసు షీట్లు ఎన్ని వేలు తిరగేసినా ఆ ప్రశ్నకి జవాబు రాదు. రావాలంటే ఒకే స్థితిలో ఉన్న రోగులను, డాక్టరు ఇష్టంతో సంబంధం లేకుండా, రెండు వర్గాలుగా విడదీసి చూడాలి.

ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన పీటర్ హార్బీ, మార్టిన్ ల్యాండ్రే చేసింది సరిగ్గా అదే. వాళ్లు మొదలుపెట్టిన రికవరీ ట్రయల్ తొలి రోగిని 2020 మార్చి మూడో వారంలో చేర్చుకుంది. మామూలుగా ఇలాంటి ట్రయల్‌లో ఒక్కో రోగికీ నింపాల్సిన కాగితాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. చేతి తొడుగులతో, ముఖానికి కవచంతో, గంటలకొద్దీ నిలబడి పనిచేస్తున్న జూనియర్ డాక్టరుకి అంత తీరిక ఎక్కడిది? అందుకని వీళ్లు ఆ పనిని ఆమె చేయగలిగినంతకి తగ్గించారు. మంచం పక్కన నిలబడి రోగికి విషయం చెప్పడం, సంతకం తీసుకోవడం, కంప్యూటర్లో వయసు, ఆక్సిజన్ అవసరం, మధుమేహం వంటి కొద్ది వివరాలు నింపడం. మీట నొక్కగానే ఈ రోగికి డెక్సా ఇవ్వాలా, మామూలు వైద్యమేనా అన్నది తెర మీద వస్తుంది. తర్వాత ఇరవై ఎనిమిదో రోజున ఒక ప్రశ్న: రోగి బతికే ఉన్నాడా? బ్రిటన్‌లో 170కి పైగా ప్రభుత్వ ఆసుపత్రులు ఇందులో చేరాయి. మూడు నెలలు గడిచేలోపే జవాబు వచ్చేసింది. ఆ సరళతే ఈ ట్రయల్ గొప్పతనం అంటాను. ఆ వార్డుల్లో నలిగిపోతూ కూడా ఆ నాలుగు వివరాలు నింపిన డాక్టర్లకీ, నర్సులకీ, ఊపిరాడని స్థితిలో తలూపి ఒప్పుకున్న రోగులకీ మనం ఋణపడి ఉన్నాం.

డెక్సా ఇచ్చినవాళ్లు 2,104 మంది, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లు 4,321 మంది. మోతాదు రోజుకి 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా పది రోజులు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మామూలు వైద్యంతో నూటికి 41.4 మంది చనిపోతే, డెక్సాతో 29.3 మంది. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో 26.2కి బదులు 23.3. అంటే వెంటిలేటర్ మీదున్న ఎనిమిది మందికి ఇస్తే ఒక ప్రాణం, ఆక్సిజన్ మీదున్న సుమారు 35 మందికి ఇస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. ఇంగ్లండ్ ఆరోగ్య సేవా విభాగం 2021 మార్చిలో వేసిన అంచనా ప్రకారం, తొమ్మిది నెలల్లో ప్రపంచవ్యాప్తంగా పది లక్షల దాకా ప్రాణాలు దీనివల్ల దక్కాయి.

ఆ ఫలితాల పట్టికలో మూడో వరస కూడా ఉంది. వార్తల్లో దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. ఆక్సిజన్ అవసరమే లేని రోగుల్లో డెక్సా తీసుకున్నవాళ్లు 17.8 శాతం చనిపోతే, తీసుకోనివాళ్లు 14.0 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు. గణాంకాల లెక్కలో అది గట్టిగా తేలలేదు. కానీ మేలు మాత్రం లేదు, కీడుకి అవకాశం ఉంది. మొదటి వారంలో, వైరస్ ఇంకా పెరుగుతున్నప్పుడు, రోగనిరోధక శక్తి చేతులు కట్టేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. 2020 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహా మార్చినప్పుడు రెండు ముక్కలూ చెప్పింది: జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ ఇవ్వండి, తేలిగ్గా ఉన్నవాళ్లకి ఇవ్వకండి. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2020 జూన్ 27నే డెక్సామెథాసోన్‌ని చికిత్సా పద్ధతిలో చేర్చింది, మధ్యస్థ, తీవ్ర కేసులకి.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఆ రెండో ముక్క గాలికి పోయింది. వాట్సాప్‌లో చేతులు మారిన చీటీల్లో పారాసిటమాల్, విటమిన్ సి, జింక్ పక్కనే స్టెరాయిడ్ మాత్ర పేరు కూడా ఉండేది. జ్వరం వచ్చిన రెండో రోజునుంచే మొదలుపెట్టినవాళ్లు, ఆక్సిజన్ 98 ఉన్నా సీటీ స్కోరు చూసి భయపడి మింగినవాళ్లు ఎందరో. పడకలు లేవు, డాక్టరు ఫోనుకి దొరకడు, పక్కింట్లో శవం లేస్తోంది. ఆ భయంలో చేతికందిన మాత్ర వేసుకున్నవాళ్లని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. తేలికపాటి జబ్బులో తొందరపడి స్టెరాయిడ్ వాడితే వైరస్ ఇంకా విజృంభిస్తుందని ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా మే మొదటి వారంలో బహిరంగంగా హెచ్చరించారు. అప్పటికే ఆలస్యమైంది.

తర్వాత వచ్చింది బ్లాక్ ఫంగస్. మ్యూకర్ జాతి బూజు మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, గాలిలో ఎప్పుడూ ఉండేదే. ఆరోగ్యంగా ఉన్నవాడి ముక్కులోకి వెళ్లినా తెల్లకణాలు దాన్ని నిలవనీయవు. మధుమేహం అదుపు తప్పిన ఒంట్లో, అందులోనూ స్టెరాయిడ్ వల్ల చక్కెర మరింత పెరిగి తెల్లకణాలు మందగించిన ఒంట్లో, దానికి అడ్డూ అదుపూ ఉండదు. ముక్కు పక్క గదుల్లో మొదలై కంటి వెనక్కి, అక్కడి నుంచి మెదడుకి పాకుతుంది. మొదట ముక్కులోంచి నల్లటి పొలుసులు, చెంప మీద తిమ్మిరి, ఆ తర్వాత కన్ను ఉబ్బి చూపు పోవడం. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం దీన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి దీనికి ప్రధాన కేంద్రమైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. యాంఫోటెరిసిన్ సూదుల కోసం కుటుంబాలు ఊళ్లూ షాపులూ తిరిగాయి. జూన్ నెలాఖరుకి దేశంలో 40 వేలకి పైగా కేసులు నమోదయ్యాయి. ఈ విపత్తుకి స్టెరాయిడ్ ఒక్కటే కారణం కాదు, మధుమేహానిది పెద్ద పాత్ర. అయినా అవసరం లేని రోజున, అవసరం లేని మనిషికి, లెక్కలేని మోతాదులో పడిన స్టెరాయిడ్ ఆ కేసుల్లో మళ్లీమళ్లీ కనిపించింది.

మోతాదు సంగతి ఇంకా తేటగా చెప్పాలి. ఆరు మిల్లీగ్రాములు మంచిదైతే పన్నెండు ఇంకా మంచిది కదా అనిపించడం సహజం. డెన్మార్క్ బృందం నడిపిన కోవిడ్ స్టెరాయిడ్-2 ట్రయల్‌లో మన దేశపు ఆసుపత్రులు కూడా పాలుపంచుకున్నాయి. తీవ్రంగా ఆక్సిజన్ తగ్గిన వెయ్యి మందిలో 12 మిల్లీగ్రాములకీ 6 మిల్లీగ్రాములకీ మధ్య తేల్చి చెప్పగలిగినంత తేడా రాలేదు. రికవరీ బృందం ఇంకో అడుగు వేసి, మామూలు ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లకి పెద్ద మోతాదు ఇచ్చి చూసింది. ఆ వర్గంలో 19 శాతం మంది చనిపోయారు, తక్కువ మోతాదు లేదా మామూలు వైద్యం అందినవాళ్లలో 12 శాతం. ఆ ప్రయోగాన్ని 2022లో అక్కడికక్కడే ఆపేశారు. అంటే ప్రాణం నిలబెట్టే మోతాదుకీ తీసే మోతాదుకీ మధ్య దూరం మనం అనుకునేంత ఎక్కువ లేదు.

మోతాదు మారితే మందు స్వభావమే మారిపోవడం తెలుగువాళ్లకి కొత్త కథ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపించిన పరిశోధనల ఫలమే మెథోట్రెక్సేట్. అది మొదట రక్త కేన్సర్ మందు. దశాబ్దాల తర్వాత, అందులో చాలా చిన్న మోతాదుని వారానికి ఒక్కసారి ఇస్తే కీళ్లవాతం లొంగుతుందని ట్రయల్స్‌లో తేలింది. ఇప్పుడు కీళ్లవాతానికి డాక్టర్లు సాధారణంగా మొదట రాసే మాత్ర అదే. దాన్ని పొరపాటున రోజూ మింగితే నేటికీ ప్రాణం మీదికొస్తుంది.

చవక మందులన్నీ డెక్సాలా నిలబడలేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం 2020 మార్చిలో జనం షాపుల ముందు క్యూ కట్టారు. లూపస్, కీళ్లవాతం రోగులకి వాళ్ల రోజువారీ మాత్రలు దొరక్కుండా పోయాయి. రికవరీలో చూస్తే ఆ మందు తీసుకున్నవాళ్లలో 27 శాతం, తీసుకోనివాళ్లలో 25 శాతం చనిపోయారు. గౌట్ నొప్పికి వాడే కాల్చిసిన్ మీద చాలామందికి ఆశ ఉండేది. వాపు తగ్గించే గుణం ఉంది, ధర తక్కువ. పదకొండు వేలకి పైగా రోగుల్లో పరీక్షించారు, రెండు వైపులా 21 శాతం. అజిత్రోమైసిన్ కూడా మరణాలను తగ్గించలేదు, ఆస్పిరిన్ కూడా అంతే. కొలెస్ట్రాల్ మాత్ర సిమ్వాస్టాటిన్ కథ మధ్యలో ఆగింది. ఐసీయూ రోగుల్లో దాన్ని పరీక్షించిన రీమ్యాప్-క్యాప్ ట్రయల్‌లో మేలు చేసే సంభావ్యత 96 శాతం దాకా వెళ్లింది, కానీ ముందుగా పెట్టుకున్న 99 శాతం గీతని చేరకముందే కోవిడ్ కేసులు తగ్గిపోయి ఆపేయాల్సి వచ్చింది. కాగితం మీద ఈ మందులన్నిటికీ చక్కటి తర్కం ఉంది. డెక్సాకి ఉన్నంత తర్కమే కాల్చిసిన్‌కీ ఉంది. ఏది నిలుస్తుందో తర్కం చెప్పలేకపోయింది, పరీక్షే చెప్పింది.

ఖరీదైన మందులూ కొన్ని నెగ్గాయి. ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ మరణాలను 35 నుంచి 31 శాతానికి తగ్గించింది, స్టెరాయిడ్‌కి తోడుగా ఇచ్చినప్పుడు. రెండో అలలో ఆ సూది కోసం జనం పడిన అవస్థ, పదుల వేల రూపాయల ధర అందరికీ తెలిసిందే. అదే కోవలో, కణం లోపలి సంకేతాన్ని ఆపే బారిసిటినిబ్ మాత్ర కూడా పనిచేసింది. ఇది కీళ్లవాతం మందు, హక్కులు ఎలై లిల్లీవి. 2021 మేలో హైదరాబాద్ సంస్థ నాట్కో దీనికి తప్పనిసరి లైసెన్సు కోరుతూ దరఖాస్తు పెట్టింది. దాదాపు రెండు వారాలకే లిల్లీ స్వచ్ఛందంగా లైసెన్సు ఇవ్వడంతో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. డాక్టర్ రెడ్డీస్, ఎంఎస్‌ఎన్ వంటి హైదరాబాద్ కంపెనీలకి కూడా లైసెన్సులు దక్కాయి. 2022 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్ర కోవిడ్‌కి ఈ మాత్రను గట్టిగా సిఫారసు చేసే నాటికి అది మన దగ్గర జెనరిక్‌గా తయారవుతోంది. తయారీ విషయంలో మనకి లోటు లేదని ఆ మే నెల రుజువు చేసింది.

లోటు ఎక్కడుందంటే, మంచం పక్కన. పేటెంటు పోయిన మందుకి కొత్త ఉపయోగం కనిపెట్టడంలో ఏ కంపెనీకీ లాభం ఉండదు. కోట్లు పెట్టి ట్రయల్ నడిపి డెక్సా పనిచేస్తుందని తేల్చినా, రేపు పక్క కంపెనీ అదే మాత్రను అదే పైసలకి అమ్ముతుంది. కాబట్టి ఈ పని ప్రజాధనంతోనే జరగాలి. రికవరీకి డబ్బు వచ్చింది బ్రిటన్ ప్రభుత్వ పరిశోధనా నిధుల నుంచే. మనం చేయలేనిదేమీ కాదు. కోలుకున్నవాళ్ల ప్లాస్మా గురించి దేశమంతా వెంపర్లాడుతున్నప్పుడు ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మందితో ప్లాసిడ్ ట్రయల్ నడిపి, దానివల్ల మేలు లేదని ప్రపంచంలోనే ముందుగా తేల్చినవాళ్లలో నిలిచింది. ఆ ఫలితం వచ్చాక కూడా ప్లాస్మా వెతుకులాట నెలల తరబడి ఆగకపోవడం వేరే బాధ.

ఇంకా తేలని పెద్ద ప్రశ్న ఫ్లూ. తీవ్ర న్యుమోనియాతో ఐసీయూలో చేరిన 795 మందికి ఫ్రాన్స్‌లో హైడ్రోకార్టిసోన్ ఇచ్చి చూస్తే మరణాలు 11.9 నుంచి 6.2 శాతానికి తగ్గాయని 2023లో వెల్లడైంది. కానీ ఫ్లూ రోగులను అందులో చేర్చుకోలేదు. పాత లెక్కలు ఫ్లూలో స్టెరాయిడ్ చేటు అంటున్నాయి, రికవరీకి ముందు కోవిడ్ గురించి కూడా మనం దాదాపు అదే అనుకున్నాం. రికవరీ బృందం ఇప్పుడు ఆసుపత్రిలో చేరిన ఫ్లూ రోగులకి తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇచ్చి పరీక్షిస్తోంది. ఫ్లూ కేసులు చలికాలానికోసారి వస్తాయి కాబట్టి తగినంత మంది రోగులు చేరడానికి ఏళ్లు పడుతుంది, ఎన్ని దేశాలు కలిస్తే అంత త్వరగా తేలుతుంది.

మన దేశంలో స్వైన్ ఫ్లూ తొలి కేసు నిర్ధారణ అయింది 2009 మేలో, హైదరాబాద్‌లోనే. అప్పటి నుంచి దాదాపు ఏటా చలికాలంలో మన బోధనాసుపత్రుల్లో ఫ్లూతో ఆయాసపడే రోగులు చేరుతున్నారు. వాళ్లలో కొందరికి డాక్టరు స్టెరాయిడ్ రాస్తున్నాడు, కొందరికి రాయడం లేదు, ఎవరి అనుభవం వాళ్లది. ఆ రెండింటిలో ఏది సరైన నిర్ణయమో ఏ పుస్తకంలోనూ లేదు. మందు వార్డు బీరువాలోనే ఉంది. గాంధీలో, ఉస్మానియాలో, విశాఖ కేజీహెచ్‌లో, గుంటూరు జీజీహెచ్‌లో చేరే ఆ రోగులను ఒకే పద్ధతిలో, ఒకే రిజిస్టరులో నమోదు చేసే ఏర్పాటు ఇంకా కావాలి. దానికి కావాల్సిన వివరాలు ఎన్నో కాదు: వయసు, ఆక్సిజన్ అంకె, జబ్బు మొదలై ఎన్నో రోజు, మధుమేహం ఉందా లేదా, ఇరవై ఎనిమిదో రోజున ఎలా ఉన్నారు.